నల్లతల పిట్టలు పక్కింటి వసారాకే

ఈమధ్య ఒకరోజు పొద్దున్నే ఫోనులో ఒక వీడియో వచ్చింది. పంపింది నా చిన్ననాటి నేస్తం. నేస్తం అని నలుగురిలో చెబుతాను గానీ, మనసులో మాట చెప్పాలంటే ఆవిడ మా పక్కింటి పిల్ల, అంతే. ఇద్దరికీ తల నెరిసింది, ఇద్దరికీ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అయినా నాకది ఇప్పటికీ పక్కింటి పిల్లే.

వీడియోలో వాళ్ళ వసారా ఉంది. విజయనగరం అవతల పొలాల మధ్య కట్టుకున్న ఇల్లు. చూరుకు ఒక వరికుచ్చు వేలాడుతోంది. దాని మీద బొటనవేలంత పిట్టలు కిచకిచలాడుతూ గింజలు ఒలుచుకు తింటున్నాయి. వాటిలో సగం నల్లతలవి. వెనక నుంచి ఆవిడ గొంతు, "చూడవే, వచ్చేశాయి!" అని గుసగుసగా.

నేనుండేది దంతెవాడలో. చుట్టూ అడవి, పొలం, గడ్డి, వాగు. పిట్టలకు ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? పెరట్లో నూకలు చల్లితే కాకులొస్తాయి, గోరింకలొస్తాయి, వెనకింటివాళ్ళ కోళ్ళు కూడా పిలవకుండానే వస్తాయి. నల్లతల పిట్ట మాత్రం ఒక్కటీ రాదు. అడవిలో నేనుంటే అవి వెళ్ళి ఆవిడ చూరు పట్టుకు వేలాడుతున్నాయి. కడుపు మండింది. ఈ వయసులో కూడానా అంటే, ఈ వయసులో కూడానే.

అసలు మంట పిట్టల వల్ల మాత్రమే కాదు. వీడియో ఆపి, వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి చూశాను. కుచ్చు అడుగున గడ్డితో చుట్టిన చిన్న వలయం ఒకటి ఉంది, పిట్ట నిలబడి తినడానికి. దాన్ని మా నాయనమ్మ "పీట" అనేది. అలాంటి పీట ఉన్న కుచ్చు ఇంకెవరింటా నేను చూడలేదు. అది మా నాయనమ్మ చేతిపని. అది నాకు రాదు, ఆవిడకు వచ్చు. చెప్పుకోవాలంటే నా బతుకులోని పెద్ద అన్యాయం ఇదే.

మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు. కొండ మీద తవ్విన ఇనుపరాయిని విశాఖపట్నం దాకా మోసుకుపోయే లైను అది. ఆ లైనులో ఒక చిన్న స్టేషను మాది. స్టేషను వెనకాల ఒకే వరసలో క్వార్టర్లు. ఎర్రధూళి అన్నిటి మీదా ఉండేది. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి లేత ఎరుపు తిరిగేది. అమ్మ మొదట్లో ఏడ్చేదట, తరవాత తెల్లబట్టలు కొనడమే మానేసింది. తొలకరి చినుకు పడితే ఆ ధూళి నుంచి తుప్పు వాసన, సాల చెట్ల జిగురు వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఇనుప తాళం చేతిలో చెమట పడితే నాకు ఆ స్టేషనే గుర్తొస్తుంది.

రోజుకు ఒక్క పాసింజరు. అది వచ్చే వేళకు పనున్నా లేకపోయినా కాలనీ అంతా ప్లాట్‌ఫారం మీద ఉండేది. ఆ బండిలోనే ఒక చలికాలం మొదట్లో మా నాయనమ్మ దిగింది. శ్రీకాకుళం పక్క పల్లె ఆమెది. సొరంగాలన్నీ దాటుకుంటూ వచ్చిన మనిషి, దిగీ దిగగానే అమ్మతో అన్న మొదటి మాట: "ఒలమ్మా, ఏటే ఆ సీకటి! బండి కొండ కడుపులోకి దూరిపోనాది, మరి బయటికి రాదనుకున్నాను."

ఆమె మూటలో తాటి తాండ్ర, చోడిపిండి, ఎండు నెత్తళ్ళు, మూతికి గుడ్డ వాసెన కట్టిన ఆవకాయ జాడీ ఉన్నాయి. అవన్నీ నాకోసమే అనుకున్నాను. తాండ్ర ముక్క కోసి నా చేతిలో పెట్టి, వెంటనే ఇంకో ముక్క కోసి గడపలో నిలబడి చూస్తున్న పిల్ల చేతిలో పెట్టింది. అదే పక్కింటి పిల్ల. కొత్తవాళ్ళెవరొచ్చినా గడపలో ప్రత్యక్షమయ్యేది. చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త పక్కకు వంచి నిలబడేది. అలా నిలబడితే ఎవరైనా ఏదైనా ఇచ్చేస్తారు. నాకు ఆ విద్య అబ్బలేదు. నేను అడిగితే పోట్లాటలా ఉండేదట, అమ్మ అనేది.

వాళ్ళదీ మా వైపే, విజయనగరం. వాళ్ళ నాన్న సిగ్నళ్ళ పని చూసేవాడు. ఆదివారాలు తెల్లబట్టలు కట్టుకుని ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు, ఎర్రబట్టలతో తిరిగొచ్చేవాళ్ళు. ఆ పిల్లకు నాయనమ్మ లేదు, అమ్మమ్మ కూడా లేదు. పాపం అనిపించాలి కదా. నాకు అనిపించలేదు. లేకపోతే లేదు, నా నాయనమ్మ మీద పడటమెందుకు అనిపించింది.

నాయనమ్మ వచ్చిన రెండో రోజో మూడో రోజో వసారాలో కూర్చుని చూరు వైపు చూసి, "ఏటే, ఇంత అడివిలో ఉండి వసారాకి ఓ వరికుచ్చు నేదేటి? పిట్టలు మిమ్మల్ని ఏటనుకుంటాయి?" అంది.

"పొలముంటే కదత్తా కుచ్చు. క్వార్టర్లో వరి ఎక్కడ మొలుస్తుంది?" అంది అమ్మ.

మాకు కట్టెలూ ఆకుకూరలూ తెచ్చే గోండు ఆవిడ ఒకావిడ ఉండేది. నుదుట, చేతుల మీద పచ్చబొట్లు, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. ఆవిడను అడిగితే కంకులతో ఉన్న వరి దొరుకుతుంది. కానీ నాయనమ్మకు తెలుగు తప్ప మరో ముక్క రాదు. ఆవిడకు తెలుగు రాదు. మధ్యలో చెప్పేవాళ్ళు కావాలి. నేను బడిలో హిందీలో మొదటిదాన్ని. గొంతు సవరించుకుని మొదలుపెట్టేలోపు పక్కింటి పిల్ల వచ్చి అక్కడివాళ్ళ హల్బీ భాషలో గడగడా చెప్పేసింది. ఎక్కడ నేర్చుకుందో తెలియదు.

"క్యా కరోగీ దాయీ, బాలీవాలా ధాన్? చిరై ఖాయేగీ?" అని, కంకుల వరి పిట్టలు తినడానికా అన్నట్టు, గోండు ఆవిడ నాయనమ్మనే చూస్తూ నవ్వింది. తమ గడపకు కూడా పిట్టల కోసం కంకులు కడతామని చేతులతో గాలిలో అల్లి చూపించింది.

"మామ్మా, కోతలయ్యాక తెస్తాదంట. గడ్డితో సహా, కంకి విరక్కుండా తెస్తాదంట," అంది పక్కింటి పిల్ల. అప్పటికే "మామ్మా" అనేసింది.

"బతుకు తల్లీ," అంది నాయనమ్మ. ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హిందీలో మొదటి మార్కుకు కూడా ఆమె నన్నలా అనలేదు.

వరి వచ్చింది. ఇంటి నిండా కొత్త గడ్డి వాసన. నాయనమ్మ గడ్డిని తడిగుడ్డలో చుట్టి ఉంచింది, విరక్కుండా. మధ్యాహ్నం ఎండలో కాళ్ళు చాపుకుని అల్లడం మొదలుపెట్టింది. ముందు సన్నగా జడలా, తరవాత ఒక్కొక్క పోచ కలుపుతూ, కంకులన్నీ బయటికి వాలేట్టు, చివర ఒక ముడి, అడుగున పీట. ఆమె వేళ్ళు ముడతలు పడి ఉండేవి గానీ పోచ దగ్గరికి వచ్చేసరికి చకచకా కదిలేవి.

"నేర్సుకుంటావేటే, కూకో ఇలా," అని నన్ను పిలిచింది. కూర్చున్నాను. పోచ రెండుసార్లు తెగింది. మూడోసారి వేలు కోసుకుంది. విసిరికొట్టి లేచి వెళ్ళిపోయాను. బయట కొక్కో ఆట జరుగుతోంది మరి.

కుచ్చు మా వసారాకు ఎక్కింది. మర్నాడు పొగమంచులో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. పిట్టలు వచ్చాయి. వచ్చాయంటే వచ్చాయి, అంతే. ఒంటి నిండా ఒకటే మట్టిరంగు. తల మట్టిరంగు, రొమ్ము మట్టిరంగు, తోక మట్టిరంగు. మా నాన్న యూనిఫారమే వాటికంటే నయం. మొద్దు ముక్కుతో గింజ పట్టి, అటూ ఇటూ దొర్లించి, పొట్టు కింద పడేసేవి. ఆ పొట్టు ఊడ్చలేక అమ్మ సణిగేది. వాటిని జీనువాయిలంటారని నాయనమ్మ చెప్పింది. బజారులో మునియా అనేవాళ్ళు.

రెండు రోజులు పోయాక పక్కింటి పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడింది. "మామ్మా, మాకూ ఒకటి అల్లవా?"

నాయనమ్మ అల్లింది. అల్లుతుంటే ఆ పిల్ల పక్కనే కూర్చుని పోచలు అందించింది. వాళ్ళ వసారాలో అప్పటికే క్రిస్మస్ కోసం రంగు కాగితం నక్షత్రం కట్టారు. నక్షత్రం కింద మా నాయనమ్మ కుచ్చు. మర్నాడు పొద్దున్నే "మామ్మా!" అని కేక. నేనూ పరిగెత్తాను.

అప్పుడు మొదటిసారి చూశాను నల్లతల పిట్టను. తలా మెడా కాటుక నలుపు. వీపు ఇటుక రంగు. పొట్ట తెల్లగా, మధ్యలో మళ్ళీ నలుపు, తెల్ల బనీను మీద సిరా ఒలికినట్టు. ముక్కు బూడిద నీలం. దాని పక్కనే ఇంకో రకం: వీపు చింతపండు రంగు, గొంతు ముదురు గోధుమ, రొమ్ము మీద చేప పొలుసుల్లాంటి చుక్కలు ఒకదాని కింద ఒకటి ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, ఎవరో కూర్చుని గీసినట్టే. రెండు రకాలూ ఒకే కుచ్చు మీద. మా వసారాకు మాత్రం మట్టిరంగువే.

"నక్షత్రం చూసి వచ్చాయి," అన్నాను నేను, కసిగా.

"అయితే మీరూ కట్టుకోండి, మా దగ్గర ఇంకో కాగితం ఉంది," అంది ఆ పిల్ల. అది నిజంగానే ఇస్తానంది. అదే నాకు మరీ మండేది. దానికి పోట్లాట రాదు. పోట్లాడని మనిషి మీద ఎంతసేపు అసూయపడగలం? నేను మాత్రం పడ్డాను, చాలాసేపు పడ్డాను.

ఆ రెండు పిట్టల గురించి ఆ చలికాలమంతా మా రెండిళ్ళలో అదే మాట. నాయనమ్మ తేల్చేసింది: "నల్లతలది మొగుడు, సుక్కలది పెళ్ళాం. సూడు, మొగుడికి తలపాగా, పెళ్ళానికి పువ్వుల రవిక." అమ్మ నవ్వింది, నాన్న నవ్వాడు. నేను గట్టిగా వంత పాడాను. నాయనమ్మ మాట కదా, పైగా పక్కింటి పిల్ల తల అడ్డంగా ఊపుతోంది.

"కాదు మామ్మా. నిన్న రెండు నల్లతలవే కొమ్మ మీద ఆనుకుని కూర్చుని ఒకదాని తల ఒకటి ముక్కుతో దువ్వుకున్నాయి. చుక్కలవి వేరే దువ్వుకున్నాయి. రెండు చుక్కలవీ ఒకే గూటికి గడ్డి మోశాయి. ఇవి వేరు, అవి వేరు. మొగుడూ పెళ్ళాం ఒకేలా ఉంటాయి."

"నిజమేటే?"

"చూపిస్తాను రా."

క్వార్టర్ల చివర నీళ్ళ ట్యాంకు వెనకాల ముళ్ళపొదలో గడ్డి బంతి లాంటి గూళ్ళున్నాయి. నాయనమ్మ మోకాళ్ళ నొప్పి అంటూనే వెళ్ళింది. పొదకు ఇవతల రాయి మీద ఇద్దరూ కూర్చున్నారు. నేను పంపు దగ్గర బిందె పట్టుకుని, నీళ్ళు పొర్లిపోతున్నా కదలకుండా వాళ్ళనే చూశాను. ఎంతసేపటికో నాయనమ్మ నవ్వు వినిపించింది. "గుంట నిజమే సెప్పింది! నా కళ్ళకి మసకేసింది గానీ దీని కళ్ళు మంచివే." ఇంటికొచ్చి అందరికీ చెప్పింది, తాను తప్పు పడ్డందుకు సంబరపడిపోతూ. ముక్కు ఒకే మొద్దు, తిండి ఒకటే, గూడు ఒకే తీరు, కూత దగ్గర దగ్గరగా ఉంటుంది గానీ నల్లతలది ముక్కుతో మాట్లాడినట్టు సన్నం, చుక్కలది తడబడే నత్తిలా. అక్కచెల్లెళ్ళ పిల్లల్లాంటివి, కానీ ఒక ఇంటివి కావు. ఇదంతా ఆ పిల్ల చెబితే తెలిసిందని ప్రతి మాటకూ అతికించింది.

నాయనమ్మను తప్పు పట్టినందుకు దానికి చీవాట్లు పడతాయనుకున్నాను. గోరుముద్దలు దొరికాయి. ఆ రోజు చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుని అది మా వసారాలోనే తింది. నేను తినలేదు, కడుపునొప్పి అన్నాను. అబద్ధం కూడా కాదు.

క్రిస్మస్‌కు వాళ్ళమ్మ గులాబీ పువ్వులు వండి పళ్ళెం నిండా పంపింది. నూనెలో కాగిన బెల్లం వాసన వీధంతా తిరిగింది. నేను ముట్టుకోననుకున్నాను. అందరూ పడుకున్నాక కాదు, అందరి ముందే నాలుగు తిన్నాను. అసూయ వేరు, గులాబీ పువ్వులు వేరు.

చివరికి ఒకరోజు నాకొక ఉపాయం తట్టింది. తప్పంతా కుచ్చుదే. నాయనమ్మ దానికి మంచిది అల్లి, నాకు పనికిమాలినది అల్లింది. కుచ్చు మారిస్తే పిట్టలు మారతాయి. నాయనమ్మతో అన్నాను.

"ఒలే, మనింటికొచ్చేవి పిల్లలే. ఈ ఏటి పిల్లలు. ఇంకా రంగు రానేదు. ఆగు, వస్తాది. ఏది ఏదవుతాదో సూద్దాం," అంది.

మట్టిరంగు పిట్ట నల్లతలదవుతుందంటే ఎవరు నమ్ముతారు? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పిందనుకున్నాను. మొగుడూ పెళ్ళాం విషయంలో తప్పు చెప్పిన మనిషేగా! తిన్నగా పక్కింటికి వెళ్ళి, "నా కుచ్చు నువ్వు తీసుకో, నీ కుచ్చు నాకివ్వు," అన్నాను. నా గాజులు కూడా ఇస్తానని చెప్పడానికి సిద్ధపడి వెళ్ళాను. అది బేరమే ఆడలేదు. బల్ల ఎక్కి విప్పి చేతిలో పెట్టింది. "గాజులెందుకే? తీసుకో."

మా వసారాకు దాని కుచ్చు కట్టుకున్నాను. మర్నాడు పొద్దున్న ఒక్క పిట్ట కూడా రాలేదు. దాని కుచ్చులో గింజలు అప్పటికే సగం అయిపోయాయి కదా. పక్కింటి వసారాలో మాత్రం గొడవ గొడవగా కూతలు. నల్లతలవి అక్కడే, చుక్కలవి అక్కడే, ఇప్పుడు నా మట్టిరంగువి కూడా అక్కడికే. పెద్దయ్యాక అర్థమైంది, వాళ్ళది చివరి క్వార్టరు, ట్యాంకు నీళ్ళు పారే చోట జమ్ము, ఎత్తైన గడ్డి, పొద అన్నీ వాళ్ళ వసారా పక్కనే. పిట్టలకు కుచ్చుతో పాటు దాక్కునే చోటు కావాలి. అప్పుడు ఎవరైనా ఈ సంగతి చెప్పినా నేను వినేదాన్ని కాదు.

చలి తగ్గుతుండగా ఒకరోజు ఆ పిల్ల మా కిటికీ దగ్గరకొచ్చి పిలిచింది. "రావే, నీ పిట్టలు రంగు మారుతున్నాయి!"

నీ పిట్టలు అంది. ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది. నేను వెళ్ళలేదు. కిటికీ రెక్క సగం మూసి, ఆ సందులోంచి చూశాను. నిజమే. ఒకదాని తల మీద నలుపు మచ్చలు మచ్చలుగా ఎక్కుతోంది, తారు పూసి మధ్యలో ఆపేసినట్టు. ఇంకో రెండింటికి రొమ్ము మీద చుక్కలు ఒక పక్కన మాత్రం వచ్చాయి. నిన్నటిదాకా ఒకేలా ఉన్నవి, ఇప్పుడు ఎవరి దారి వారిది. నా దగ్గర తిని పెరిగినవి దాని వసారాలో రంగు తెచ్చుకున్నాయి. ఇంతకంటే ఘోరం ఏముంటుంది?

నాయనమ్మ మాత్రం అక్కడే, వాళ్ళ మెట్టు మీద కూర్చుని ఉంది. గింజలయిపోయిన కుచ్చు స్థానంలో కొత్తది అల్లుతోంది. అల్లుతోంది అనకూడదు, పక్కింటి పిల్ల అల్లుతోంది, నాయనమ్మ దాని వేళ్ళు పట్టి తిప్పుతోంది. "అలాగ్గాదు, పోచ కిందనుంచి తియ్. లాగీకు, ఊరికే సాగనీ." పోచ తెగితే ఇద్దరూ నవ్వుకున్నారు. నేను తెంపినప్పుడు ఎవరూ నవ్వలేదు. లేదా నేను ఉండి వినలేదేమో.

"ఒలే, రాయే నువ్వూ కూకో," అని నాయనమ్మ కిటికీ వైపు చూసి పిలిచింది. నేనున్నానని ఎలా తెలిసిందో. కిటికీ రెక్క పూర్తిగా మూసేశాను.

ఆ తరవాత చాలాసార్లు పిలిచింది. నేను వెళ్ళలేదు. ఇంకో సంగతి. ఆ రోజుల్లోనే ఆ పిల్ల "మామ్మా" అనడం మానేసి "నాయనమ్మా" అనడం మొదలుపెట్టింది. ఎవరు చెప్పారో, తనకే తోచిందో. మా నాయనమ్మ దానికీ "ఓయ్" అని పలికింది. నేను పిలిస్తే పలికినట్టే పలికింది. ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని, "నాయనమ్మ ఎప్పుడెళ్తుంది?" అని అడిగాను.

వేసవి రాకముందే వెళ్ళింది. స్టేషనుకు అందరం వెళ్ళాం. పక్కింటివాళ్ళూ వచ్చారు. ఇప్పపూల వాసన గాలిలో మత్తుగా ఉంది, ప్లాట్‌ఫారం మీద రాళ్ళు అప్పటికే కాలుతున్నాయి. బండి వచ్చేముందు నాయనమ్మ నన్ను దగ్గరకు లాక్కుని నుదుటి మీద ముద్దుపెట్టింది. కొంగు ముడి విప్పి మిగిలిన తాండ్ర ముక్క నా చేతిలో పెట్టింది. నాకొక్కదానికే. గెలిచాననుకున్నాను. అంతలో చంకలోని మూట తీసింది. మిగిలిన వరిపోచల కట్ట, తడిగుడ్డలో చుట్టి ఉంది. దాన్ని పక్కింటి పిల్ల చేతికిచ్చి, దాని చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఆ పిల్ల తల ఊపింది, పెద్ద మనిషిలా.

ఏం చెప్పిందని నేను అడగలేదు. అడిగితే అసూయ అని తెలిసిపోతుందని. బండి కదిలింది, ఎర్రధూళి లేచింది. ఆ వానాకాలంలోనే ఊళ్ళో నాయనమ్మ పోయింది. వాగులు పొంగి లైను తెగి నాన్న ఒక్కడే ఎలాగో వెళ్ళగలిగాడు. మేం వెళ్ళలేదు.

తరవాత వాళ్ళకు బదిలీ అయింది. నేను పెళ్ళయి ఇటే ఉండిపోయాను, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ స్టేషనులో ఇప్పుడు పాత క్వార్టర్లు లేవట. ట్యాంకూ లేదు, పొదా లేదు. ఫోన్లు వచ్చాక ఆవిడ నన్ను వెతికి పట్టుకుంది. అప్పటినుంచి ప్రతి కోతలకూ ఒక వీడియో పంపుతుంది. నేను ప్రతిసారీ ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటాను.

ఈసారి ఊరుకోలేకపోయాను. ఫోను చేశాను.

"బాగుంది నీ కుచ్చు. మా పక్కింటావిడ అడుగుతోంది, ఎలా అల్లుతారని."

"ఎవరూ?"

"పక్కింటావిడ."

"నువ్వు కాదు కదా?"

"నాకెందుకే?"

"సరే, పక్కింటావిడకే చెబుతాను," అంది, నవ్వు ఆపుకుంటూ. "కంకి విరక్కుండా వరి తెమ్మను. తడిగుడ్డలో ఉంచమను. రేపు వీడియో కాల్ చేస్తాను, ఆవిణ్ణి కూర్చోబెట్టు."

సంతకు వెళ్ళి వరి తెచ్చాను. అమ్మిన పిల్ల పిట్టలకేనా అన్నట్టు నవ్వుతూ, "చిరై కే లియే, దీదీ?" అని అడిగింది. మర్నాడు ఫోను డబ్బాకు ఆనించి, నేల మీద కూర్చోలేక కుర్చీలో కూర్చున్నాను. తెర మీద ఆవిడ, ఆవిడ చేతిలో పోచలు.

"ఏదీ మీ పక్కింటావిడ?"

"రాలేదు. నాకు చెప్పు, ఆవిడకు నేను చెబుతాను."

అప్పుడిక నవ్వు ఆపుకోలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత నేర్పడం మొదలుపెట్టింది. "అలాగ్గాదు, పోచ కిందనుంచి తియ్. లాగీకు, ఊరికే సాగనీ." అచ్చం అవే మాటలు, అదే యాస. నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఇన్నాళ్ళకి అడిగావే," అంది ఆవిడ మెల్లగా. "ఆ రోజు స్టేషన్లో నాయనమ్మ ఏం చెప్పిందో తెలుసా? 'నా మనవరాలికి కుదురు నేదు. పిలిస్తే రాదు, మూతి ముడుస్తాది. ఎప్పుడో అదే అడుగుతాది. అప్పటికి నానుండను. నువ్వు మరిసిపోకుండా ఏటేటా అల్లు. అది అడిగిన్నాడు నేర్పు. అడక్కముందు మాత్రం సెప్పకు, దానికి కోపమొస్తాది.' అందుకే ఊరుకున్నాను. నువ్వడుగుతావేమో అని ఏటేటా వీడియో పంపుతూనే ఉన్నాను. నువ్వు బొటనవేలు చూపించి ఊరుకున్నావు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తెర మీద ఆవిడ కూడా ఏడ్చింది. ఇద్దరం ముసలమ్మలం, చేతిలో గడ్డిపోచలతో.

కుచ్చు వంకరగా వచ్చింది. పీట ఒక పక్కకు ఒరిగింది. అయినా వసారాకు కట్టాను. కొన్నాళ్ళు కాకులు, గోరింకలు చూసిపోయాయి. నిన్న పొద్దున్న పొగమంచులోంచి చిన్న పిట్టలు నాలుగైదు దిగాయి. పీట మీద కాళ్ళు ఆనించి గింజలు ఒలవడం మొదలుపెట్టాయి. ఒంటి నిండా ఒకటే మట్టిరంగు. ఏది నల్లతలదవుతుందో, ఏది చుక్కలదవుతుందో వాటి అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఈసారి నేను కుచ్చు విప్పను. ఎంతకాలమైనా కూర్చుని చూస్తాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నాయనమ్మ నన్ను మరచిపోలేదని తెలిశాక నా కడుపుమంట చల్లారిందనుకుంటారేమో. చల్లారలేదు. నా గురించి ఆమె అన్న చివరి మాట అది. నా చెవిలో చెప్పాల్సిన మాట. అది ఇన్నేళ్ళూ పక్కింటి పిల్ల దగ్గరే ఉంది. ప్రతి చలికాలం కుచ్చు అల్లుతూ అది ఆ మాట తలుచుకునే ఉంటుంది. నేను మొన్న మొన్ననే విన్నాను.